మూత్రం ఆపుకోలేని ఇబ్బందికి మాత్రలు: ఎవరికి ఏది, దేనితో ఏ తంటా

దగ్గినప్పుడో తుమ్మినప్పుడో నాలుగు చుక్కలు పడడం వేరు. వస్తున్నట్టు తెలిసిన మరుక్షణం బాత్‌రూమ్‌కి పరుగెత్తాల్సి రావడం, తలుపు గడియ తీసేలోపే తడిసిపోవడం వేరు. మొదటిదానికి ఇక్కడ చెప్పే మాత్రలు పనిచేయవు. రెండోదానికి పనిచేస్తాయి. మూత్రపు సంచి నిండకముందే దాని గోడలోని కండరం తనంతట తాను బిగుసుకుంటుంది. చీటీ మీద డాక్టరు ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అని రాసేది దీన్నే.

దీనికి వాడే మందుల్లో ఎక్కువ భాగం యాంటీకొలినెర్జిక్ జాతివి, అంటే ఎసిటైల్‌కొలిన్ అనే నరాల రసాయనానికి అడ్డుపడేవి: ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, ఫెసోటెరోడిన్, సోలిఫెనసిన్, డారిఫెనసిన్, ట్రోస్పియం. వీటి పక్కన వేరే దారిలో పనిచేసే మిరాబెగ్రాన్ ఉంది. స్ట్రిప్ మీద కంపెనీ పేరు పెద్దగా, అసలు మందు పేరు చిన్నగా ఉంటుంది. మనకు కావాల్సింది ఆ చిన్న అక్షరాలు.

వీటిలో ఏది బాగా పనిచేస్తుందని అడిగితే ఎంపిక ఎప్పటికీ తేలదు. పనితనంలో పెద్ద తేడా లేదు గనక. మందు లేని ఉత్తి మాత్రతో పోల్చిన పరీక్షల్లో, ఈ మందులు మూత్రానికి వెళ్లే సార్లను సగటున రోజుకు ఒకటి అటూఇటూగా అదనంగా తగ్గించాయి, అంతే. ‘రోజుకు ఒక్కటేనా’ అనిపించొచ్చు గానీ, ఆ ఒక్కటి బస్సులో వచ్చేదైతే తేడా పెద్దదే. అసలు తేడా దుష్ప్రభావాల దగ్గర ఉంది. నోరు ఎండితే సర్దుకోగలరా, మలబద్ధకం ముందే ఉందా, బీపీ అదుపులో ఉందా, జ్ఞాపకశక్తి తగ్గుతోందా? వీటికి జవాబులు దొరికితే మందు పేరు దాదాపు తేలిపోతుంది.

నోటికీ మూత్రపు సంచికీ ఏమిటి సంబంధం

ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం నరాల చివర నుంచి బయటపడి కండరాలకూ గ్రంథులకూ కబురు అందిస్తుంది. దాన్ని అందుకునే తాళాలను మస్కారినిక్ రిసెప్టర్లు అంటారు. వీటిలో ఐదు రకాలున్నాయి. మూత్రపు సంచిని బిగించేది ముఖ్యంగా ఎం3. లాలాజలం ఊరించేదీ, పేగును కదిలించేదీ, కంటిపాపను చిన్నది చేసేదీ ఎక్కువగా అదే. గుండె వేగాన్ని తగ్గించేది ఎం2. జ్ఞాపకానికి కావాల్సింది ఎం1. సంచి దగ్గరి తాళాన్ని మూసే మందు మిగతా తాళాలనూ ఎంతో కొంత మూస్తుంది. నోరు పిడచగట్టుకుపోవడం, విరేచనం బిగుసుకుపోవడం, దగ్గరి అక్షరాలు అలికినట్టు కనిపించడం, గుండె దడ, చెమట పట్టకపోవడం, మగత, తికమక: అన్నిటి మూలం ఒకటే.

పల్లెల్లో ఉమ్మెత్త కాయ తిన్నవాళ్లకు ఏమవుతుందో పెద్దవాళ్లకు తెలుసు. ఒళ్లు కాలిపోతుంది, కళ్లు పెద్దవవుతాయి, లేనిది ఉన్నట్టు చేతులతో గాలిలో ఏదో ఏరుకుంటారు. ఉమ్మెత్తలో ఉన్న అట్రోపిన్, స్కోపొలమిన్ ఈ జాతివే. డాక్టరు రాసిన మోతాదులో మాత్ర అంత పని చేయదు. కానీ వయసు మీరిన శరీరంలో నాలుగైదు మందుల మీద ఇదీ వచ్చి పడితే వెళ్లే దారి అదే.

మాత్ర మొదలుపెట్టేముందు

మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ గంటకు వెళ్లారు, ఎన్ని మి.లీ. వచ్చింది (పాత కొలత గ్లాసు చాలు), తడిసిందా, ఏం తాగారు. ఈ కాగితం చాలాసార్లు మందు అవసరమే లేదని చూపిస్తుంది. వెళ్లిన ప్రతిసారీ 300, 400 మి.లీ. వస్తుంటే సంచి బాగానే ఉంది, మూత్రమే ఎక్కువగా తయారవుతోంది. షుగరు, అతిగా నీళ్లు, మందులు చూసుకోవాలి. 80, 100 మి.లీ.కే పరుగెత్తుతుంటే సంచి తొందరపడుతోందన్నమాట.

షుగరుకు వాడే డాపగ్లిఫ్లోజిన్, ఎంపగ్లిఫ్లోజిన్‌లను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ఇవి చక్కెరను మూత్రంలోకి తోసేసే మందులు. చక్కెరతో పాటు నీరూ పోతుంది. ఇవి మొదలైన నెలలోనే మూత్రం తిప్పలు మొదలైతే, సంచికి మాత్ర వేయడం కంటే ఆ మందు గురించి డాక్టరుతో మాట్లాడడం తెలివైన పని.

మూత్ర పరీక్ష తప్పనిసరి. ఇన్‌ఫెక్షన్ ఉంటే లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. మగవాళ్లకు, చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవాళ్లకు మరొకటి కావాలి: మూత్రం పోసుకున్నాక సంచిలో ఎంత మిగిలిందో చూసే స్కానింగ్. సంచి పూర్తిగా ఖాళీ కాకపోవడం వల్లే మాటిమాటికీ వస్తుంటే, కండరాన్ని సడలించే మందు ఉన్న ఇబ్బందిని పెంచుతుంది. మిగిలేది 150, 200 మి.లీ. దాటితే యాంటీకొలినెర్జిక్ మొదలుపెట్టడానికి వెనకాడాలి.

కాఫీ, టీ తగ్గించడం, వచ్చినప్పుడల్లా పరుగెత్తకుండా కొద్దికొద్దిగా ఆపుకుంటూ వ్యవధి పెంచడం కనీసం ఆరు వారాలు చేసి చూడాలి. విసుగు పని, నిజమే. కానీ దుష్ప్రభావం లేనిది ఇదొక్కటే.

ఒక్కో మందు

ఆక్సీబ్యుటినిన్ అన్నిటికంటే పాతది. అమెరికాలో 1975లో అనుమతి వచ్చింది. మామూలు మాత్ర 5 మి.గ్రా., రోజుకు రెండు మూడు సార్లు. పెద్ద వయసువాళ్లకు 2.5 మి.గ్రా.తో మొదలుపెడతారు. త్వరగా ఎక్కుతుంది, కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఈ గుణం ఒక్కోసారి కలిసొస్తుంది: రోజూ అక్కర్లేదు, దూర ప్రయాణం రోజున మాత్రమే కావాలి అనుకునే నడివయసు వారికి డాక్టర్లు అలా రాస్తుంటారు. ఇక నష్టానికి వస్తే, మామూలు మాత్ర వాడిన పరీక్షల్లో పదిమందిలో ఏడుగురికి నోరు ఎండింది. దీనికి కారణం కాలేయం. మింగిన మందు అక్కడ డెస్‌ఇథైల్‌ఆక్సీబ్యుటినిన్ అనే మరో పదార్థంగా మారుతుంది, నోటిని ఎక్కువగా ఎండగట్టేది అదే. చర్మానికి అంటించే పట్టీ కాలేయాన్ని తప్పించుకుని నేరుగా రక్తంలోకి వెళ్తుంది కాబట్టి నోరు అంత ఎండదు. కానీ అంటించిన చోట దురద, ఎర్రటి మచ్చ. పట్టీ రోజుకు 3.9 మి.గ్రా. వదులుతుంది, వారానికి రెండుసార్లు మార్చాలి, ప్రతిసారీ చోటు మార్చాలి. అమెరికాలో 2013లో ఈ పట్టీని ఆడవాళ్లకు చీటీ లేకుండా అమ్మేందుకు అనుమతి ఇచ్చారు. అక్కడ ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మకు పంపే సామాన్లలో ఇది చేరకముందు కింద మెదడు గురించి రాసింది చదవాలి. ఈ మందు సులువుగా మెదడులోకి దిగుతుంది. ఆరోగ్యం ఒక్కసారిగా దిగజారే అవకాశం ఉన్న పెద్ద వయసు ఆడవాళ్లకు మామూలు ఆక్సీబ్యుటినిన్ ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ చెబుతుంది. 70 దాటినవాళ్లకు ఇది మొదటి మందుగా రాస్తే, వేరేది ఉందా అని అడగడంలో తప్పులేదు.

టోల్టెరోడిన్ కాస్త మెత్తన. రోజంతా నెమ్మదిగా వదిలే రకం 2 లేదా 4 మి.గ్రా. రోజుకు ఒకటి. 4 మి.గ్రా. పరీక్షల్లో నోరు ఎండడం 23 శాతం, ఉత్తి మాత్రతో 8 శాతం. మామూలు రకం 2 మి.గ్రా. రెండుసార్లు వేస్తే అది 35 శాతం దాకా వెళ్లింది. అందుకే చీటీ మీద నెమ్మదిగా వదిలే రకం అని ఉందో లేదో చూసుకోవాలి. షాపులో ‘అదే మందండీ’ అని మామూలు రకం ఇస్తే అది అదే మందు కాదు. గుండె లయలో క్యూటీ అనే కొలత పొడవుగా ఉన్నవాళ్లకు ఇది తగదు. ఫెసోటెరోడిన్ శరీరంలో చేరి టోల్టెరోడిన్ ఇచ్చే పదార్థాన్నే ఇస్తుంది. 4 మి.గ్రా.కు నోరు ఎండడం 19 శాతం, 8కి 35 శాతం.

సోలిఫెనసిన్ 5 లేదా 10 మి.గ్రా., రోజుకు ఒకటి, తిన్నాకైనా తినకముందైనా. దీని అంకెలు చూడదగ్గవి. నోరు ఎండడం: ఉత్తి మాత్రతో 4.2, 5 మి.గ్రా.తో 10.9, 10 మి.గ్రా.తో 27.6 శాతం. మలబద్ధకం: 2.9, 5.4, 13.4. అంటే 5 నుంచి 10కి వెళ్తే ఇబ్బంది రెండున్నర రెట్లవుతుంది, లాభం మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. 5తో సగం గుణం కనిపిస్తే 10కి తొందరపడకుండా, 5ను అలాగే ఉంచి మిరాబెగ్రాన్ కలపడం మంచి దారి. రెండూ కలిసిన మాత్రలు మన దగ్గర దొరుకుతున్నాయి.

దీని రెండో విశేషం ఒంట్లో ఎక్కువసేపు నిలవడం. సగం మందు బయటికి పోవడానికే 45 నుంచి 68 గంటలు పడుతుంది. రోజూ వేస్తుంటే రక్తంలో మందు ఒక స్థాయికి చేరడానికి పది రోజులు పట్టొచ్చు. మూడో రోజు నోరు బాగానే ఉంది కదా అనుకుంటే, పదో రోజుకు లెక్క మారొచ్చు. ఒక రోజు మర్చిపోతే కొంప మునగదు, మర్నాడు రెండు వేయకూడదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు (వడపోత నిమిషానికి 30 మి.లీ. కంటే తక్కువ), కాలేయం ఒక మోస్తరుగా చెడినవాళ్లకు 5 దాటకూడదు. ఇక తామర. తామరకు నెలల తరబడి ఇట్రాకొనజోల్ మింగేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. ఆ మందు సోలిఫెనసిన్‌ను ఒంట్లోంచి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, 5 మింగినా ఇంకా ఎక్కువ మింగినట్టవుతుంది. కీటోకొనజోల్ మాత్ర, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అంతే. చర్మ డాక్టరుకు మూత్రం మాత్ర గురించి చెప్పాలని ఎవరికీ తోచదు. చెప్పాలి.

డారిఫెనసిన్ 7.5 లేదా 15 మి.గ్రా. ఎం3నే ఎక్కువగా పట్టుకుంటుంది, మెదడులోని ఎం1ను పెద్దగా తాకదు. జ్ఞాపకం విషయంలో దీనికి కొంత మంచి పేరు అందుకే. పేగులోనూ ఎం3నే కదా, అక్కడ దెబ్బ గట్టిగా తగులుతుంది: మలబద్ధకం ఉత్తి మాత్రతో 6.2, 7.5తో 14.8, 15తో 21.3 శాతం. ముందే మూడు రోజులకోసారి వెళ్లేవాళ్లకు ఇది వద్దు.

ట్రోస్పియం కథ వేరు. దాని అణువుకు ఎప్పుడూ ధనావేశం ఉంటుంది, అందుకే మెదడులోని రక్తనాళాల గోడల్లో ఉండే కొవ్వు పొరలను సులువుగా దాటలేదు. కాలేయం మీద పెద్దగా ఆధారపడదు, ఎక్కువగా కిడ్నీల నుంచే పోతుంది. 20 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, భోజనానికి గంట ముందు, ఖాళీ కడుపుతో. అన్నంతో వేస్తే ఒంటికి పట్టదు. ‘మాత్రలన్నీ టిఫిన్ తర్వాత ఒకేసారి’ అనే అలవాటున్న ఇళ్లలో ఇది విఫలమయ్యేది ఇక్కడే. 75 దాటినవాళ్లకు తట్టుకోలేకపోతే రోజుకు ఒకటి; కిడ్నీ వడపోత 30 కంటే తక్కువుంటే రాత్రి పడుకునేముందు ఒక్కటే. నోరు మాత్రం దీనికీ ఎండుతుంది, 20 శాతం.

మిరాబెగ్రాన్ తాళాలను మూయదు. బీటా3 అనే వేరే రిసెప్టరును తట్టి సంచిని సడలిస్తుంది. జపాన్‌లో 2011లో, అమెరికాలో 2012లో వచ్చింది. 25తో మొదలు, 50 దాకా. నోరు ఎండడం ఉత్తి మాత్రతో సమానం. మతిమరుపు భయం ఉన్నవాళ్లకు, మలబద్ధకం ఉన్నవాళ్లకు నా లెక్కలో మొదట అడగాల్సింది ఇదే. అలాగని దీనికీ లోపాలు లేకపోలేదు. బీపీ కాస్త పెరుగుతుంది. పై అంకె 180 గానీ కింది అంకె 110 గానీ, లేదా అంతకు మించి ఉండి అదుపు కాని బీపీ ఉంటే వాడకూడదు. మొదలుపెట్టిన నెలలో వారానికి రెండుసార్లయినా బీపీ చూసుకోవాలి. బీపీకి, గుండెకు రాసే మెటోప్రొలాల్ వాడేవాళ్లకు ఆ మందు రక్తంలో పెరుగుతుంది, నాడి మరీ నెమ్మదించిందేమో గమనించాలి. గుండెకు వాడే డిగాక్సిన్ వేసుకుంటుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. మాత్ర విరవకూడదు, నలపకూడదు, నమలకూడదు. ఓపిక కూడా కావాలి: 25 మి.గ్రా. పనితనం పూర్తిగా తెలియడానికి ఎనిమిది వారాలు పట్టొచ్చు. రెండు వారాలకే ‘ఇది పనిచేయట్లేదు’ అని ఆపేసేవాళ్లు ఎక్కువ.

(వేర్వేరు పరీక్షల శాతాలను పక్కపక్కన పెట్టి గెలుపోటములు తేల్చకూడదు. ఉత్తి మాత్ర మింగినవాళ్లలోనే ఒకచోట 4 శాతం, ఒకచోట 8 శాతం నోరు ఎండిందన్నారు. అడిగే తీరును బట్టి అంకె మారుతుంది. ఒకే మందులో మోతాదు పెరిగితే ఎంత మారిందన్నది నమ్మదగ్గ పోలిక.)

ఇంట్లో ఎదురయ్యేవి

నోరు ఎండగానే చేసే మొదటి పని గుక్కగుక్కకూ నీళ్లు తాగడం. దాంతో మూత్రం పెరుగుతుంది, మందు పనిచేయట్లేదనిపిస్తుంది, మోతాదు పెంచుతారు, నోరు ఇంకా ఎండుతుంది. నోరు తడుపుకుంటే చాలు: పుక్కిలించి ఉమ్మడం, చిన్న ఐసు ముక్క, చక్కెర లేని చూయింగ్ గమ్. బెల్లం ముక్కో చాక్లెట్టో చప్పరించడం పళ్లకు చేటు. లాలాజలం లేని నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి, కట్టుడు పళ్లు ఒరుసుకుంటాయి.

గుండె నొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పొడి నోట్లో ఆ మాత్ర కరగదు, కరగకపోతే పనిచేయదు. ముందు ఒక చెంచా నీళ్లతో నాలుక తడిపి ఆ తర్వాత పెట్టుకోవాలి.

మలబద్ధకం దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఉంది. మూత్రం భయంతో నీళ్లు తగ్గిస్తారు, పేగు ఇంకా బిగుస్తుంది. నిండిన మలాశయం ముందున్న మూత్రపు సంచిని నొక్కుతుంది, తొందర పెరుగుతుంది. అందుకే మందు మొదలైన రోజు నుంచే పీచు, నీరు, నడక చూసుకోవాలి. ఇసబ్‌గోల్ వేసుకుంటే పెద్ద గ్లాసు నీళ్లు తప్పనిసరి. నీళ్లు తక్కువైతే అదే పేగులో ముద్దగా అడ్డుపడుతుంది. మంచం దిగనివాళ్లకు అసలు వద్దు, డాక్టరును అడిగి లాక్టులోజ్ లాంటిది వాడొచ్చు.

ఎండాకాలం గురించి మందుల కాగితంలో ఒక్క వాక్యం ఉంటుంది. రోహిణి కార్తెలో మన ఊళ్లలో ఉండేవాళ్లకు ఆ ఒక్కటి చాలదు. చెమట గ్రంథులకు కబురు అందేది కూడా ఎసిటైల్‌కొలిన్ ద్వారానే. మందు వల్ల చెమట తగ్గితే ఒంటి వేడి బయటికి పోదు. పొలం పని, ఉపాధి పని, వంటశాల పని చేసేవాళ్లు ఎండ పెరిగే గంటల్లో నీడకు చేరాలి. చర్మం పొడిగా, వేడిగా ఉండి మాట తడబడితే అది వడదెబ్బ. ఒళ్లు తడిపి, గాలి తగిలేలా చేసి, 108కి ఫోన్ చేయాలి.

కంటి సంగతికి వస్తే, పేపరు చదవడం కష్టమైతే అది కొత్త కళ్లద్దాల అవసరం కాకపోవచ్చు, మందు వల్లే కావొచ్చు. గ్లకోమా, అంటే నీటికాసులు ఉన్నవాళ్లు తమది ఏ రకమో కంటి డాక్టరును అడగాలి. కంటి కోణం ఇరుకుగా ఉండి చికిత్స చేయించుకోనివాళ్లకు ఈ జాతి మందులు ప్రమాదం. కోణం తెరుచుకుని ఉండే రకమైతే సాధారణంగా వాడొచ్చు, కంటి డాక్టరుకు తెలియాలి, అంతే.

మెదడు విషయంలో భయమూ అవసరమే, కొలతా అవసరమే. అమెరికాలో 65 దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, బలమైన యాంటీకొలినెర్జిక్ మందులను ఎక్కువకాలం వాడినవాళ్లలో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపించింది. ‘ఎక్కువ’ అంటే దాదాపు ఆక్సీబ్యుటినిన్ 5 మి.గ్రా. రోజూ మూడేళ్లు దాటి వాడినంత. మందే కారణమని అది రుజువు చేయలేదు, సంబంధాన్ని మాత్రం చూపించింది. 45 ఏళ్ల మనిషి మూడు నెలలు సోలిఫెనసిన్ వాడడానికి బెంబేలెత్తనక్కర్లేదు. 78 ఏళ్ల మనిషికి ఐదేళ్లుగా అదే చీటీ మళ్లీ మళ్లీ రాయిస్తుంటే ఆగి ఆలోచించాలి. కొత్త మందు మొదలైన వారంలో పెద్దవాళ్లు పగలు మత్తుగా ఉన్నా, రాత్రి ‘గదిలో ఎవరో ఉన్నారు’ అన్నా వయసు మీద నెట్టేయకండి. మాత్ర మొదలైన తేదీ చూడండి.

ఒక చీటీ దగ్గరగా

మూత్రం మాత్ర ఒంటరిగా రాదు. ఇలాంటి చీటీ ఒకటి ఊహించుకోండి. 72 ఏళ్ల ఆవిడ. పొద్దున ఆమ్లోడిపిన్ 5, మెట్‌ఫార్మిన్ 500, డాపగ్లిఫ్లోజిన్ 10. రాత్రి డోనెపెజిల్ 5, నిద్ర కోసం అమిట్రిప్టిలిన్ 10. జలుబు చేసినప్పుడల్లా షాపులో ఇచ్చే మాత్ర. ఇప్పుడు కొత్తగా సోలిఫెనసిన్ 5.

డాపగ్లిఫ్లోజిన్ మూత్రాన్ని పెంచుతోంది. ఆమ్లోడిపిన్‌తో కాళ్లు వాస్తే, పగలు పాదాల్లో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి రాత్రి నాలుగుసార్లు లేపుతుంది. దాన్ని ఏ యాంటీకొలినెర్జిక్ ఆపలేదు. డోనెపెజిల్ జ్ఞాపకం కోసం ఎసిటైల్‌కొలిన్‌ను పెంచే మందు, దాంతో సంచి కూడా బిగుసుకోవచ్చు. ఆ బిగువు తగ్గించడానికి రాసిన సోలిఫెనసిన్ అదే ఎసిటైల్‌కొలిన్‌కు అడ్డుపడుతుంది. ఒక కాలు ఆక్సిలరేటర్ మీద, ఒక కాలు బ్రేకు మీద. అమిట్రిప్టిలిన్ బలమైన యాంటీకొలినెర్జిక్. జలుబు మాత్రలో సాధారణంగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఆ కోవదే. అంటే సోలిఫెనసిన్ చేరకముందే ఆవిడ ఒంట్లో ఈ భారం ఉంది.

ఈ చీటీకి కొత్త మాత్ర కంటే పాతవాటి సర్దుబాటు ముఖ్యం. షుగరు మందు, బీపీ మందు మార్చొచ్చా, నిద్రకు వేరే దారి ఉందా అని రాసిన డాక్టరునే అడగాలి. ఇంట్లో ఎవరికి వాళ్లు ఆపేయకూడదు. ఆ తర్వాతా అవసరమైతే ఆవిడకు సోలిఫెనసిన్ కంటే మిరాబెగ్రాన్ తగినది.

తెలియకుండా ఇదే భారం మోపే మిగతావి: కడుపునొప్పికి వేసే సైక్లోపామ్, నెలసరి నొప్పికి వేసే మెఫ్తాల్ స్పాస్ (రెండిట్లో డైసైక్లొమిన్ ఉంటుంది), దురదకు ఎటరాక్స్, అలర్జీకి అవిల్, ఫెనర్గాన్, వణుకుడు జబ్బుకు పాసిటేన్. మూత్రం మాత్ర వాడుతూ పెళ్లింట్లో కడుపునొప్పి వచ్చిందని డైసైక్లొమిన్ వేసుకుంటే, ఆ రాత్రి మూత్రం బిగుసుకుపోవడం ఆశ్చర్యం కాదు. ముఖ్యంగా ప్రొస్టేట్ పెరిగిన మగవాళ్లకు.

ఎవరికి ఏది

అరవై లోపు, వేరే మందులు లేనివాళ్లు: సోలిఫెనసిన్ 5 లేదా నెమ్మదిగా వదిలే టోల్టెరోడిన్‌తో మొదలుపెట్టొచ్చు. డబ్బు కష్టమై ఆక్సీబ్యుటినిన్ వాడాల్సి వస్తే 2.5తో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

డెబ్భై దాటినవాళ్లు, మతిమరుపు ఛాయలున్నవాళ్లు: మిరాబెగ్రాన్. బీపీ అదుపులో లేక అది కుదరకపోతే ట్రోస్పియం, ఖాళీ కడుపు నియమం పాటించగలిగితేనే.

మలబద్ధకం: డారిఫెనసిన్, సోలిఫెనసిన్ 10 వద్దు. మిరాబెగ్రాన్ మేలు.

ప్రొస్టేట్ పెరిగిన మగవాళ్లు: ముందు టామ్‌సులోసిన్ లాంటి దారి తెరిచే మందు. తొందర అప్పటికీ తగ్గకపోతే, మిగిలే మూత్రం కొలిచి ఆపైన రెండోది చేర్చడం.

మయస్థీనియా గ్రావిస్ (కండరాలు త్వరగా నీరసించే జబ్బు) ఉన్నవాళ్లకు, కడుపు సరిగా ఖాళీ కానివాళ్లకు, పెద్దపేగు పుండ్ల జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు యాంటీకొలినెర్జిక్‌లు వద్దు. గర్భం, పాలిచ్చే తల్లుల సంగతి పూర్తిగా డాక్టరుకే వదలాలి.

మొదలుపెట్టాక, ఆపేముందు

తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నాలుగు వారాలకు మళ్లీ ఆ మూడు రోజుల కాగితం రాయండి. పాతదాని పక్కన పెడితే లాభం కళ్లకు కడుతుంది, లేదా లేదని తేలిపోతుంది. లాభం లేకపోతే మోతాదు పెంచడం, జాతి మార్చడం రెండూ దారులే. ఒకే జాతిలో మూడు మందులు వరుసగా మార్చి చూడడం వల్ల ఒరిగేది తక్కువ. వాటితోనూ కుదరకపోతే సంచిలోకి బొటాక్స్ ఇంజెక్షన్, నరానికి కరెంటు చికిత్స ఉన్నాయి, యూరాలజిస్టు చెబుతారు.

ఇవి కనిపిస్తే మర్నాటి దాకా ఆగొద్దు: కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి, దీపం చుట్టూ రంగుల వలయాలు, తలనొప్పితో వాంతి, పొత్తికడుపు ఉబ్బి ఆరేడు గంటలుగా చుక్క మూత్రం రాకపోవడం, పెదవులు, నాలుక వాపు, ఒళ్లు వేడెక్కి తెలివి తప్పుతున్నట్టు మాట్లాడడం. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి, పేర్లు గుర్తుచేసుకునే అవసరం ఉండదు.

ఇబ్బంది వచ్చి డాక్టరు మందు ఆపమన్నాక, ఆక్సీబ్యుటినిన్ మామూలు మాత్ర అయితే ఒకటి రెండు రోజుల్లో నోరు తడవుతుంది. సోలిఫెనసిన్ అయితే ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి పది రోజులు, రెండు వారాలు పట్టొచ్చు. ఆ మధ్యలో ‘ఆపేసినా తగ్గలేదు కాబట్టి మందు వల్ల కాదు’ అనే నిర్ణయానికి రాకండి. మొదటి మందు పూర్తిగా దిగకముందే అదే జాతిలో రెండోది మొదలుపెట్టాల్సి వస్తే, ఆ రెండు వారాలు మలబద్ధకం, మూత్రం బిగుసుకోవడం మీద ఒక కన్నేసి ఉంచండి.